మందు పడని చేప

అప్పట్లో మేము బోరబండలో కిరాయికి ఉండేవాళ్ళం. మాదాపూర్ రాళ్ళ మధ్య కొత్తగా లేచిన అద్దాల భవనంలో మావారి ఉద్యోగం. నాకు ఐదో నెల. మధ్యాహ్నాలు నిద్రో మెలకువో తెలియకుండా గడిచిపోయేవి.

మావారు మద్రాసు నుంచి రైల్లో తెప్పించుకున్న సముద్రపు చేప ఒకటి ఉండేది. నీలం ఒళ్ళు, పసుపు ముఖం. దాని ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు వస్తే, పెద్ద తొట్టిలోని మిగతా చేపల నుంచి వేరుచేసి నా మంచం పక్కన గాజు తొట్టిలో ఉంచి, నీళ్ళలో రాగి మందు కలిపారు. కిటికీలోంచి ఎండ పడితే గోడల మీద నీళ్ళ నీడలు కదిలేవి. నేనూ ఆ తొట్టిలోనే పడుకున్నట్టు ఉండేది. ఇంటి ఓనరమ్మ తొంగిచూసి, "గిదేందమ్మా, చేపకు గూడ దవాఖాననా?" అని నవ్వేది.

మచ్చలు పోయాయి. మావారికి పట్టరాని సంతోషం. రోజూ పొద్దున చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు తీసి, పరీక్ష చుక్కలు వేసి, రంగు చూసి, "మందు సరిగ్గా ఉంది" అని ఆఫీసుకు వెళ్ళిపోయేవారు. గొట్టాన్ని చూసినంతసేపు చేపను చూసేవారు కాదు. చూడటానికి రోజంతా నేనున్నానుగా!

మచ్చలున్నప్పుడు అది రాళ్ళకు ఒళ్ళు రుద్దుకునేది కానీ, నా చెయ్యి కనబడితే తిండికి ఎగబడేది. ఇప్పుడు మూలకు పోయి, గోడవైపు మొహం పెట్టి, గబగబా ఊపిరి తీస్తూ ఒక పక్కకు ఒరిగి ఉంటోంది. రొయ్య ముక్క ఎదురుగా వదిలినా కదలదు. పసుపు పాలిపోయింది. చచ్చిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. కడుపుతో ఉన్నానేమో, ఆ భయం ఎక్కడెక్కడికో పోయేది.

శనివారం ఇక ఉండబట్టలేక, "ఏమండీ, దీనికి మందు పడట్లేదు. తీసేయండి" అన్నాను.

"మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. మచ్చలు పోయాయి కదా, ఇంకేంటి?"

"పోయాయి సరే. అది తినట్లేదు."

"కొలతలో తేడా లేదు. పడట్లేదని నీకెలా తెలుసు?"

"నాకూ ఆ ఐరన్ మాత్రలు పడట్లేదు కనక! నోరంతా ఇనుము రుచి. అన్నం చూస్తే గోడవైపు తిరిగి పడుకుంటున్నా. రక్తం పెరిగిందని మీరు రిపోర్టు చూసి సంబరపడ్డారు!"

అంత గట్టిగా అంటానని నేనే అనుకోలేదు. ఆయన నీళ్ళు మార్చడానికి కలిపి ఉంచిన మందు లేని ఉప్పునీళ్ళు వేరే తొట్టిలో పోసి, చేపను గిన్నెతో మెల్లగా ఎత్తి అందులోకి వదిలారు. జబ్బు తిరగబెడితే ఆ చావు నా మాట వల్లే అవుతుందని రాత్రంతా లేచి లేచి తొట్టిలోకి చూస్తూనే ఉన్నాను.

మర్నాడు ఎండ కిటికీలోకి వచ్చే వేళకు అది నిటారుగా అయి, మూల వదిలి ముందుకొచ్చింది. రొయ్య ముక్క వదిలాను. నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. మళ్ళీ పట్టుకుని మింగింది.

నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. ఆయన మాత్రం నన్నే చూస్తున్నారు.

"నువ్వెప్పుడు తిన్నావు?" అని అడిగారు.

ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు.