మూడు బోల్టుల మీద పన్నెండు ప్రాణాలు

ఈ రోజు ఫిల్మ్‌నగర్ షూటింగులో వచ్చిన కోపం ప్రార్థన చేసినా దిగలేదు.

నిన్నటి సీనులో వాడిన మినీ ట్రాక్టర్ చెడిపోయిందని, వేరే కంపెనీదైన నా బండిని పిలిచారు. నేను టీ తాగి వచ్చేసరికి ఆ బండి పసుపు చక్రాలు విప్పి నా బండికి బిగించేశారు. కంటిన్యుటీ అట, నిన్నటి చక్రాలే కనపడాలట! రంధ్రాలు కలవక, ఒక్కో చక్రానికి ఆరు బోల్టులకు మూడే పట్టాయి. వాటితోనే, ట్రాలీలో పన్నెండు మంది జూనియర్ ఆర్టిస్టులతో వాలు దిగమన్నారు. ఎద్దునూ గాడిదనూ ఒకే కాడికి కట్టవద్దని బైబిలు లేఖనం మొత్తుకుంటోంది, అదే చెప్పాను, వినేదెవరు?

ఆర్ట్ అసిస్టెంట్ నవ్వాడు. “బోల్టులు కెమెరాకి కనపడవండీ, ప్రసంగి గారూ!”

“పైనున్నోనికి కనబడతయి తమ్మీ. నువ్వెక్కి కూసో ట్రాలీల, నేను నడుపుత.”

అతను ఎక్కలేదు. అది చూసి ఆ పన్నెండు మందీ ఒక్కొక్కరే దిగిపోయారు. చివరికి బండిని కదపకుండానే షాట్ తీశారు. నన్ను మాత్రం రేపటి నుంచి రావద్దన్నారు.

తాను ఎక్కని బండిలోకి మనుషుల్ని ఎక్కించేవాణ్ణి ఏమనాలో కింద కామెంట్లలో రాయండి. బూతులు వద్దు, అవి పొద్దున్నుంచీ నేనే మింగుతున్నాను.