నరసింహులు నమ్మిన నోటీసు

నిన్న పొద్దున ధర్మవరం నుంచి ఫోన్. నరసింహులు కొడుకు. "నాయన లేడు మామా" అన్నాడు.

నేను నవ్వినా.

నేను చేసిన జోకులన్నిటికీ ఇన్నేళ్ళకు రిటర్న్ ఇస్తాండాడు అనుకున్నా. అవతల ఆయప్ప పెండ్లాం లక్ష్మమ్మ ఏడుపు వినపడినాక ధర్మవరం బస్సెక్కినా.

మాది పెనుకొండ పక్క పల్లె. ఆయప్పవి నావి పక్కపక్క చేన్లు. స్టాంపు ఉండే కాగితం ఏదిచ్చినా నమ్మే మనిషి.

తొంభైల్లో ఒకసారి పెనుకొండ బస్టాండ్ గోడకు కాగితం అంటించినా. హిందూపురం బస్సు ఈరోజు కొండ కింద నుంచి పోతుందని. పట్టుగూళ్ళ మూట నెత్తిన పెట్టుకుని పోయి గంటసేపు ఆడ నిలబడినాడు. గొర్రెలోళ్ళు నవ్వినాక తెలిసింది. తనూ నవ్వినాడు. మార్కెట్ తప్పినా కోపం లేదు.

ఆడికి ఓకే.

రెండువేలు దాటినాక వాల్టా చట్టం వచ్చింది. నీళ్ళు, భూమి, చెట్లు కాపాడేదానికి. కొత్త బోరుకు పర్మిషన్ కావాల, పక్కోడి బోరుకు దూరం ఉండాల. మా తట్టు ఎవడు లెక్క పెట్టినాడు? లారీ వస్తాంది, బోరు వేస్తాండారు.

పాత బోరు ఎండిపోయి నరసింహులు కూడా లారీకి చెప్పినాడు. పాయింట్ నా బోరు పక్కనే.

నాకు భయం పట్టుకుంది. మొహం మీద వద్దనే ధైర్యం లేదు. వచ్చిన విద్య ఒకటే, జోక్.

ఈడ బోరు వేస్తే వాల్టా కింద కేసు అని హిందూపురంలో నోటీసు టైప్ కొట్టించినా. మా మామ సైకిల్ షాపు స్టాంపు, అక్షరాలు కనపడకుండా రుద్ది వేసినా. ఆయప్ప స్టార్టర్ డబ్బాకు అంటించినా.

లారీని వాపసు పంపేసినాడు.

రెండు రోజులాగి చెప్దామనుకున్నా. ఈలోపల ఊరంతా తిరిగి ఆ నోటీసు అందరికీ చదివి వినిపించినాడు. ఎవడూ వినలేదు.

మా ఊళ్ళో ఆ చట్టాన్ని పాటించింది ఆయప్ప ఒక్కడే. అదీ నా దొంగ కాగితం చూసి.

ఆ ఎండాకాలం మల్బరీ తోట ఎండిపాయ. మేత లేని పట్టుపురుగుల్ని గుంత తీసి పూడ్చినాడు. నేనూ పార పట్టినా. అప్పుడన్నా నోరు తెరవాల్సింది.

నా చేను తట్టు చూసి అన్నాడు, "పోనీలేప్పా. చట్టం మంచిదే. నీ బోరన్నా మిగిలింది."

ఇంక యాడ చెప్పేది?

ధర్మవరం పోయి మగ్గం పనిలో చేరినాడు. ఊరికి వచ్చినప్పుడల్లా "నీళ్ళు ఎట్లుండాయప్పా" అని అడుగుతాడు. బాగుండాయి అంటా. చుట్టూ బోర్లు పడి నాది ఎండిపోయినాక కూడా అదే అన్నా.

నిన్న వాళ్ళింట్లో రేషన్ కార్డు కోసం ఆయప్ప పెట్టె తెరిస్తే పాస్‌బుక్కులో నా నోటీసు. లామినేషన్ చేయించి.

లక్ష్మమ్మ అడిగింది, "అన్నా, పిల్లోడు ఊరికొచ్చి బోరు వేస్తానంటాడు. ఈయప్ప వద్దు వద్దంటానే పోయినాడు. ఈ కాగితం ఇంకా చెల్లుతుందా?"

కనుక్కుని చెప్తా అని బస్సెక్కేసినా.

లక్ష్మమ్మా, నేను రాసిన ఇదంతా నీ కొడుకు చేత చదివించుకో. ఆ కాగితం ఏనాడూ చెల్లలేదు. రాసింది నేను. చట్టం మాత్రం నిజం, అసలు పర్మిషనే తెచ్చుకోమను. దూరం కొలిచేటప్పుడు నా బోరు చూడొద్దు, అది చచ్చి చానా ఏళ్ళాయ.

దినాలకు వస్తా. వాకిట్లోనే నిలబడతా. రమ్మంటే లోపలికి వస్తా.

పోయిరా నరసింహులూ. ఎవడి నోటీసూ అంటని చోట, తడి మన్నులో చల్లగా పండుకో.