పక్కకు కూర్చునే చోటు

మొన్న వనపర్తిలో మా పాపను ఒకటో తరగతిలో చేర్పించడానికి వెళ్ళాను. ఫారం బడి గుమస్తానే నింపాడు. తండ్రి ఏం పని చేస్తాడని అడిగితే చెప్పాను. తల్లి గడి దగ్గరికి వచ్చాక అడగలేదు. 'ఇంటి పని' అని రాసి, సంతకం పెట్టమని కాగితం నా వైపు తిప్పాడు. నేను డిగ్రీ చదివాను. పొద్దున, సాయంత్రం మా వరండాలో పదిహేనుమంది పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెబుతాను. మా ఇల్లు సగం ఆ వరండా మీదే నడుస్తుంది. అయినా తల ఊపి సంతకం పెట్టాను. పైగా "థాంక్స్ సార్" అన్నాను.

ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. పాప పడుకున్నాక ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకోవడం నాకు పాత అలవాటే. పాప పుట్టినప్పటి నుంచీ ఉన్న భయం. ఇప్పుడు ఇంకొకటి తోడైంది. నేను తల ఊపినప్పుడు పాప నా కొంగు పట్టుకొని చూస్తూనే ఉంది. మా అమ్మ నా ఎదుట ఎప్పుడూ అలా తల ఊపలేదు. అందుకే, పాప నిద్రపోయాక కూర్చుని ఇది రాస్తున్నాను.

మా పుట్టిల్లు గద్వాల. ఇంట్లో గుంట మగ్గం. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచులు పట్టు. అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడె ఒళ్ళుకు ఒకటి, రెండు అంచులకు రెండు. గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే మనిషి మూడింటినీ ఒక్కడే ఆడించలేడు. అవతలి అంచు చూడడానికి గుంట ఒడ్డున ఇంకొకరు ఉండాలి. దాన్ని మేం పక్కకు కూర్చోవడం అంటాం. మా వీధిలో పక్కకు కూర్చునేది పెళ్ళాలు, పిల్లలు. మగపిల్లలు కూడా కూర్చుంటారు గానీ మీసాలొచ్చాక ఎవరూ కూర్చోరు. కండెలు చుట్టేదీ, పడుగు పోగులు ఒక్కొక్కటే అతికేదీ ఆడవాళ్ళే. చీర ఎవరు నేశారంటే మాత్రం గుంటలోని మగమనిషి పేరే చెబుతారు.

నేను ఆరేళ్ళప్పుడు పక్కకు కూర్చోవడం మొదలుపెట్టాను. పోగు తప్పితే నాన్న కొట్టేవాడు కాదు. "ఏడ చూస్తున్నవ్? అంచు మీద పెట్టు కన్ను" అనేవాడు. దెబ్బ కన్నా ఆ మాటే ఎక్కువ తగిలేది.

నేను డిగ్రీలో చేరిన ఏడాది నాన్నకు నడుము నరం పట్టేసింది. నడవగలిగేవాడు గానీ గుంటలో తొక్కుడు చెక్కలు తొక్కలేకపోయాడు. దవాఖానలో డాక్టరు ఇంక గుంటలో దిగవద్దన్నాడు. పది రోజులు మగ్గం ఊరికే పడి ఉంది. పదకొండో రోజు అమ్మ వాకిలి తలుపు దగ్గరగా వేసి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, గుంటలోకి దిగింది. నేను ఎప్పటిలా పక్కకు కూర్చున్నాను.

పక్కింటి పెద్దమ్మ రెండో రోజే పసిగట్టింది. చప్పుడు విని, తొక్కే కాళ్ళు మారాయని తెలుసుకుంది.

"ఆడది దిగితే గుంట పూడిపోతదంటరే చెల్లె."

"పూడితే మల్ల తవ్వుకుంట అక్కా. గడ్డపార ఇంట్లనే ఉంది."

రెండేళ్ళు అలాగే నడిచింది. అమ్మ నేసేది, నాన్న మడతపెట్టిన చీరలు చంకన పెట్టుకుని చేనేత సంఘానికి తీసుకుపోయి తనవిగా ఇచ్చేవాడు. వీధి మొత్తానికి తెలుసు, ఎవరూ అనరు. పొద్దుటి వెలుతురు నేతకు మంచిది కాబట్టి నాకు కాలేజీలో మొదటి రెండు క్లాసులు పోయేవి. చివరి ఏడాది హాజరు పట్టీ చూసి, ఇలాగైతే పరీక్షకు కూర్చోనివ్వం అన్నారు. ఆ సంగతి అమ్మకు ఒక్కసారే చెప్పాను. ఆమె నాడెలో కండె మార్చుకుంది.

అప్పుడే సంఘం కొత్తగా నేతకార్డులు ఇస్తామంది. కార్డు ఉన్నవాళ్ళకే నూలు, పట్టు. లేకపోతే సావుకారు చెప్పిన కూలికి నేయాలి. కార్డు కావాలంటే సంఘంవాళ్ళ ముందు మగ్గం మీద నేసి చూపాలి. నాన్న నేయలేడు. ఒక పొద్దున సంఘం పెద్దమనిషి, రాసుకునే గుమస్తా మా ఇంటికి వచ్చారు.

"ఆయనకు చేతకాదు గద. నా పేరు రాయండ్రి" అంది అమ్మ.

పెద్దమనిషి నవ్వాడు. "గట్ల ఏడన్న ఉందా వదినె? మొగుడు ఉండంగ పెండ్లానికి కార్డు రాయం. మొగుడు పోయినోళ్ళకు రాస్తం."

నాన్న అక్కడే మంచం మీద ఉన్నాడు.

"అంటే ఈయన సచ్చేదాక నేను నేసింది నేత కాదా?"

గుమస్తా పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"రెండేండ్ల సంది మీకు అచ్చిన చీరలు ఎవరు నేసిన్రనుకున్నరు?"

"మాకు తెల్వదా వదినె? తెల్సి కూడ తెల్వనట్టు ఉన్నం. అన్న ఇజ్జత్ కోసం."

"ఆయన ఇజ్జత్ ఆయనకున్నది. నా చేతుల సంగతి చెప్పు."

"సరే, నేసి చూపియ్యి. చూస్తం."

అమ్మ గుంటలో దిగింది. నేను అలవాటుగా ఒడ్డున కూర్చోబోయాను.

"నువ్వు లే బిడ్డా. కాలేజీకి టైమైతుంది."

"మరి పక్కకు?"

అమ్మ మంచం వైపు చూసింది. "మీ నాయన కూసుంటడు. పక్కకు కూసునేటోళ్ళకు కాళ్ళతోని పనేముంది?"

ఆ మాట రెండేళ్ళలో నాకు ఎందుకు తట్టలేదో తెలియదు. అంత చదువు చదివీ, ఆ ఒడ్డు నాదే అనుకున్నాను.

గుమస్తా కిసుక్కుమన్నాడు. "ఏందన్నా, మల్ల పిల్లగానివైతవా?"

నాన్న నేల చూస్తూ లేచాడు. వాకిలి వైపు నడిచాడు. నేను పుస్తకాలు పట్టుకుని గోడకు ఆనుకున్నాను. ఆయన బయటికి పోతే కార్డు పోతుంది, నా పరీక్ష పోతుంది. అమ్మ ఈ మాట మళ్ళీ ఎప్పుడూ అనదు కూడా. నాన్న వాకిలి పక్క కొయ్యకు ఉన్న తువ్వాల తీసుకున్నాడు. వెనక్కి వచ్చి, దాన్ని గుంట ఒడ్డున పరిచి, మెల్లగా కూర్చున్నాడు.

మొదటి వరుసలోనే పోగు తప్పించాడు. రెండోసారీ తప్పించాడు.

"ఏడ చూస్తున్నవ్?" అంది అమ్మ. "అంచు మీద పెట్టు కన్ను. ఆరేండ్ల పిల్ల చేసే పని గిది."

పెద్దమనిషి పెద్దగా నవ్వాడు. నాన్న తలెత్తకుండానే అన్నాడు: "ఆరేండ్ల పిల్ల నాకంటె మంచిగనే చేసేది."

నా పని గురించి ఆయన నోట మంచి మాట రావడం అదే మొదలు.

కొంతసేపటికి చెయ్యి కుదిరింది. జానెడు నేశాక పెద్దమనిషి వంగి, అంచు ఒళ్ళు కలిసే చోట రెండు బొటనవేళ్ళతో లాగి చూశాడు. పోగు జరగలేదు.

"మంచిగనే ఉంది. ఇగ చూడు వదినె, కార్డు అన్న పేరు మీదనే ఉండనీ. నేసుడు నువ్వు నేసుకో. ఎవరొద్దన్నరు?"

అమ్మ నాడె కింద పెట్టింది. గుంటలోంచి పైకి వచ్చి కుచ్చిళ్ళు సవరించుకుంది. మగ్గం మీద ఉన్నది సంఘం ఎవరికో పెళ్ళికి ఒప్పుకున్న చీర. ఇంకా రెండు మూరలు నేయాల్సి ఉంది. మూడో రోజుకు ఇవ్వాలి.

"ఎవరి పేరు రాస్తరో వాళ్ళనే దింపండ్రి గుంటల" అంది.

"గిదేం మొండి? జర నువ్వన్న చెప్పరాదే అన్నా."

నాన్న చేతిలో అంచు నాడె ఇంకా ఉంది. "నేనేం చెప్పాలె? నేసుడు ఆమెది. నేను పక్కకు కూసున్న. ఆమె పేరే రాయి."

గుమస్తా పెద్దమనిషి వైపు చూశాడు. పెద్దమనిషి మగ్గం మీది చీర వైపు చూశాడు. చివరికి రాయమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆడవాళ్ళకు ఫోటో అవసరం లేదని ఆ చోటు మాత్రం ఖాళీగా వదిలేశారు. మర్నాడు అమ్మ ఒక్కతే బస్టాండు దగ్గర స్టూడియోకి పోయి ఫోటో దిగింది. ఫోటోలో ఎవరితోనో కొట్లాడడానికి వెళ్తున్నట్టు ఉంటుంది. పడుగుకు పెట్టే గంజితోనే దాన్ని కార్డుకు అంటించింది. అది ఇప్పటికీ ఊడలేదు.

నేనైతే ఆ పొద్దున పరుగెత్తి రెండో క్లాసు అందుకున్నాను. ఆ తరువాత పరీక్షల దాకా నాన్నే పక్కకు కూర్చున్నాడు. వీధిలో నవ్వినవాళ్ళు నవ్వారు.

ఈ సాయంత్రం నా భర్త నాగర్‌కర్నూలులోని ఆఫీసు నుంచి వచ్చాక ఫారం సంగతి చెప్పాను.

"ఏం రాస్తే ఏంది? గది ఎవరు చదువుతరు?"

"పాప చదువుతది. ఏడాదిల చదువుడు వస్తది దానికి."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"రేపు పొద్దున సెలవు పెట్టు" అన్నాను. "ట్యూషన్ పిల్లల దగ్గర కూసో. నేను బడికి పోయొస్త."

"నాకు లెక్కలు రావు గద."

"రాకున్నా కూసో."

బడి గుమస్తా ఏమంటాడో నాకు తెలుసు. సిరాతో రాసింది మార్చం అంటాడు. కొత్త ఫారం అడుగుతాను. అదీ లేదంటే ఆయన రాతను నేను ముట్టుకోను. కింద ఉన్న నా సంతకం కొట్టేస్తాను. అది నాది.