స్పానిష్ పరీక్షలో పస్తు

మా కారేపల్లిలో నేను స్పానిష్ చదువుతున్నానంటే ఎవరూ నమ్మలేదు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో యూనివర్సిటీ సీటొచ్చిందని చెబితే, "గా భాష మాట్లాడేటోళ్లు ఖమ్మంల ఎవలున్నరే?" అని అడిగింది అమ్మ. నోట్లో నాలుక లేని పిల్లనని చిన్నప్పటి నుంచీ పేరు నాకు. పరాయి భాషలోనైనా నోరు విప్పుతానేమోనని ఆశ. ఏం లాభం! రాతపరీక్షలన్నీ గట్టెక్కి, మాట్లాడే పరీక్షలో తప్పాను. అమ్మ తేల్చి చెప్పేసింది: "ఇంకోపాలి తప్పితే ఇంటికొచ్చి ఖమ్మంల బీఎడ్‌ల చేరు. గంతే."

ఆ ఇంకోసారి వచ్చేసరికి కరోనాతో యూనివర్సిటీ మూతపడింది. పరీక్ష ఫోన్‌లోనే, వీడియో కాల్‌లో. మా ఇంట్లో సిగ్నల్ అందేది వంటింటి కిటికీ దగ్గర ఒక్కచోటే. నేనక్కడ కూర్చుంటే, అమ్మ నా వెనక మిరపకాయల తొడిమలు తుంచుతూ కూర్చుంది.

పరీక్ష పెట్టే మేడమ్ స్పెయిన్ ఆవిడ. వాళ్లింటికి నేను భోజనానికి వెళ్లానట, అలా అనుకుని మాట్లాడాలట. ఆలుగడ్డ ఆమ్లెట్ వడ్డిస్తున్నట్టు చెయ్యి చాపి, తీసుకోమంది. "నో, గ్రాసియాస్", అంటే వద్దండీ, థాంక్సండీ అన్నాను. అడగ్గానే ఊఁ అంటే కక్కుర్తి పిల్ల అనుకోరూ! మళ్లీ అడుగుతుంది కదా, అప్పుడు తీసుకుని, ఆమ్లెట్ మీద నేర్చుకున్న వాక్యాలన్నీ అప్పజెబుదామని ఎదురుచూశాను. ఆమె సరేనని పళ్లెం తీసేసినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. పండ్లు తినమంది. అలవాటు కొద్దీ మళ్లీ వద్దన్నాను. అవీ తీసేసి, ఇక భోజనం అయిపోయిందంది. దాంతోపాటు నా చదువూ అయిపోయినట్టే అనిపించింది.

ఒళ్లు మండింది. ఇదేం మర్యాద! వచ్చీరాని స్పానిష్‌లో అందుకున్నాను. మేడమ్, మా ఊళ్లో వద్దంటే వద్దని కాదు, మళ్లీ అడగమని. మా మేనత్తయితే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి పప్పు పోస్తుంది. లేవబోతే భుజం పట్టి కూర్చోబెడుతుంది. మీరేమో రెండు మాటలకే నన్ను పస్తు పెట్టారు! తప్పులు దొర్లుతూనే ఉన్నాయి, నేను ఆగలేదు. మేడమ్ పడీ పడీ నవ్వింది. వద్దన్న మనిషిని బలవంతపెట్టడం తనకు అలవాటు లేదని, వాళ్ల అమ్మమ్మ మాత్రం అచ్చం మా మేనత్తేనని చెప్పింది. ఆ తర్వాత ప్రశ్న మీద ప్రశ్న వేసింది, అన్నిటికీ చెప్పాను. పాసయ్యావని అప్పుడే అనేసింది.

ఫోన్ పెట్టి తిరిగి చూస్తే, అమ్మ పని ఆపి నన్నే చూస్తోంది. ఒక్క ముక్క కూడా అర్థమై ఉండదు.

"ఏందే, ఆమెతోని గట్ల కొట్లాడినవ్?"

"కొట్లాడలేదమ్మా. పాసైన." అంటుంటేనే నాకు ఏడుపొచ్చేసింది.

అమ్మ చేతులు దులుపుకుని లేచింది.

"పుట్టినకాడికెల్లి నీ నోట గన్ని మాటలు నేనినలే. బీఎడ్ ముచ్చట ఇడిసిపెట్టు. గదే చదువుకో."