అత్తగారి ఫోనులో బాస్ గిటారు

మా పిన్ని చెవుల సంగతి మీకు తెలియదు. పక్క వీధిలో దోమ శ్రుతి తప్పితే ఇక్కడ ఆవిడ ముఖం చిట్లిస్తుంది. నేను కాలేజీ మానేసింది కూడా ఆవిడ పని దగ్గరుండి చూడటానికే. పరీక్షలు తప్పడం ఆ తర్వాతి మాట.

పిన్ని పాటలు మిక్సింగ్ చేస్తుంది. టైలరు షాపు వెనక గది, గోడలకు పాత పరుపులు, బల్ల మీద రెండు పెద్ద స్పీకర్లు. విడివిడిగా రికార్డయి వచ్చిన వాద్యాలు ఒకదాన్నొకటి తొక్కకుండా సర్దాలి.

ఆ రోజు వచ్చిన పాట మా బాబాయి బృందానిది. పాట అడుగున లోతుగా మోగే బాస్ గిటారు బాబాయి పట్టి పన్నెండేళ్ళయింది. వాళ్ళమ్మకు మాత్రం ఒక్క పాటలోనూ వినపడలేదు. "ఇందులో నువ్వెక్కడున్నావురా?" అని ప్రతిసారీ అడుగుతుంది. ఈసారైనా అమ్మ చెవిన పడాలని ఆయన పట్టుదల.

"కాస్త పెంచవే," అన్నాడు.

"పెంచితే గది అదురుతుంది గానీ నువ్వు వినపడవు. అడుగున నువ్వూ, డ్రమ్మూ, కీబోర్డువాడి ఎడమ చెయ్యీ ఒకే సీట్లో కూర్చున్నారు."

పిన్ని కీబోర్డు అడుగు మోత కోసేసింది. డ్రమ్ము దెబ్బను ఇంకాస్త కిందికి దించింది. స్పీకర్లలో బాబాయి ఏనుగులా నడిచొచ్చాడు. అమ్మకు పంపేద్దామని లేచాడు.

"ఆగు. అత్తయ్య పాటలు దేంట్లో వింటారు?"

"ఫోనులో. పొయ్యి పక్కన పెట్టుకుని."

పిన్ని తన ఫోనులో పాట వేసింది. ఏనుగు మాయం. అంత లోతు శబ్దం పలికే సత్తువ ఆ చిట్టి స్పీకరుకు లేదు. బాబాయి చతికిలబడ్డాడు.

పిన్ని మిగతావన్నీ ఆపి బాస్ ఒక్కటే వింది. వేలు తీగను లాగిన ప్రతిసారీ పైన సన్నగా 'టక్' మంటోంది. అది ఫోనుకు అందుతుంది. దాన్ని రవ్వంత లేపి, సరిగ్గా ఆ చోటే గోల చేస్తున్న మామూలు గిటారును తగ్గించింది.

"మా గిటారోడు ఊరుకోడే."

"నువ్వు చెప్పకు. వాడికి తెలీదు."

మధ్యాహ్నం వంటింట్లో ఫోను పాడింది. వాళ్ళమ్మ గరిటె ఆపింది.

"కింద నడుస్తున్నది నువ్వేనా? ఇన్నాళ్ళూ ఫోటోల కోసం పట్టుకుంటున్నావనుకున్నానురా."

బాబాయి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

ఆవిడ నలభైసార్లు విందనీ, ఫోను వేడికే కూర ఉడికిందనీ నేను వీధి వీధికీ చెప్పాను. పిన్ని అన్నది ఇంతే: "మూడుసార్లు. మూడోసారికి కూర మాడింది."