మూడోసారి కడగని ట్యాంకు

ఒమాన్ దేశపు సువైక్‌లో మా తోటకు సముద్రం పెద్ద దూరం కాదు. నేను చేరిన కొత్తలో బావి నీళ్ళతోనే టీ కాచుకునేవాళ్ళం. తొంభైలు వచ్చేసరికి ఆ నీళ్ళు ఉప్పెక్కాయి. తాగడానికి ట్యాంకరు నీళ్ళు, మొక్కలకు బావి నీళ్ళు అని వేరుపడిపోయాయి.

తోటలో కడప జిల్లా వాళ్ళం ఇద్దరమే. ఆయన సాయిబులాయన, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఇంటికి ఉత్తరం ఉర్దూలో రాసేవాడు, నాతో మాత్రం మా కడప తెలుగే. నేను అన్నా అనేవాణ్ణి. ఊళ్ళో ఆయన ఇంటికి గోడలు లేచాయి, మిద్దె పడలేదు. ఇంకో రెండేళ్ళు ఇక్కడుంటే మిద్దె వేసి, మళ్ళీ గల్ఫు ముఖం చూడనని రూమ్‌లో అందరికీ చెప్పేవాడు.

ఎండలు తగ్గాక టమాటా, మిరప నారు నాటేవాళ్ళం. నాటిన ప్రతి మొక్క మొదట్లో నీళ్ళమందు పొయ్యాలి. ద్రవరూపంలో వచ్చే ఎరువుకు మేం పెట్టుకున్న పేరది. బండి మీద పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు, దాని కింద పంపు, రెండు పొడుగాటి పైపులు. నాట్లు అయిపోగానే వాటిని కడిగి, వచ్చే ఏటిదాకా షెడ్డులో దాచే బాధ్యత ఆయనదే.

ఆయన పద్ధతి ఒకటుండేది. మూడుసార్లు ట్యాంకు నింపి, మూడుసార్లు పంపు ఆడించి, పైపుల్లోంచి వదిలెయ్యాలి. మందు కొంచెం మిగిలినా ఎండాక గడ్డకట్టి పంపులోని ఇత్తడిని తినేస్తుందనేవాడు. మూడోసారి పైపు చివర వచ్చే నీళ్ళు ఒక చుక్క నాలిక మీద వేసుకుని, రుచి చూసి ఉమ్మేసేవాడు. బావి ఉప్పు తప్ప మందు రుచి తగలకపోతేనే పంపు విప్పి, ఆరబెట్టి, నూనె రాసి గోనెపట్టాలో చుట్టేవాడు. బాలింతకు కూడా ఇంత సేవ ఉండదని నేను ఎగతాళి చేసేవాణ్ణి. నవ్వేవాడే తప్ప పద్ధతి మార్చేవాడు కాదు.

ఆ ఏడు ఆయనకు నడుం పట్టేసింది. కడగడం నా మీద పడింది. అదే రోజు సాయంత్రం అల్ హైల్ అనే ఊరి నుంచి మా ఊరి వైపు మనిషి ఒకడు ఇండియా పోతున్నాడు. కిందటి సెలవు నుంచి నేను వచ్చేశాక పుట్టిన నా కూతురికి నా గొంతు వినిపించాలని క్యాసెట్ నింపి పెట్టుకున్నాను. అల్ హైల్ పోయే పికప్ మధ్యాహ్నమే బయల్దేరుతుంది. ఆలస్యం అమృతం విషం అనుకునే రకాన్ని నేను. రెండుసార్లు కడిగి చేతులు దులుపుకున్నాను.

అన్న నడుం పట్టుకుని వచ్చాడు. పైపు చివర వేలు పెట్టి, చుక్క నాలిక మీద వేసుకున్నాడు.

"ఉప్పగా ఉండాదే. మూడు తూర్లు కడిగినావా?"

"కడిగినా. బావి నీళ్ళే ఉప్పు గదన్నా."

నా మొహంలోకి చూశాడు. ఉమ్మేసి, కూలబడి, తనే పంపు విప్పి నూనె రాశాడు. నేను పికప్ అందుకున్నాను. క్యాసెట్ చేరింది.

మరుసటి ఏడు నారు పీకి తడిపట్టాల్లో పెట్టుకున్నాం. స్విచ్ వేస్తే పంపు మూలిగింది గానీ తిరగలేదు. విప్పితే లోపల తెల్లగా గడ్డ, ఇత్తడి నిండా పచ్చటి చిలుము. మస్కట్ నుంచి సామాను తెచ్చి బిగించేసరికి నాలుగు రోజులు పట్టింది. సగం నారు వాడి చచ్చిపోయింది.

మా అర్బాబ్, అంటే తోట యజమాని, ఈ మిషన్ ఎవరి చేతిలో ఉంటుందని అడిగాడు. తన చేతిలోనే అని అన్న చెప్పాడు. ఆ పక్కనే స్పానర్ పట్టుకుని నేనున్నాను. నోరు తెరిస్తే వీసా నాది పోతుంది. తెరవలేదు. ఇన్నేళ్ళకూ ఆ క్షణం గుర్తొస్తే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

అన్న వీసాకు క్యాన్సిల్ కొట్టారు. వారంలో కాగితాలు తయారయ్యాయి. ఆయన పెట్టె టాక్సీదాకా నేనే మోశాను. చెప్పేద్దామని నాలుగడుగులకోసారి అనుకున్నాను. పైపులు ఎండలో పెట్టొద్దని ఆయనే జాగ్రత్త చెప్పాడు. సరేనన్నాను. ఆ సీజన్ అయ్యాక ట్యాంకు నాలుగుసార్లు కడిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే.

ఏడాదిన్నరకు సెలవు దొరికింది. నా బిడ్డను చూసుకున్న మర్నాడే బస్సెక్కి అన్న ఊరికి పోయాను. అవే గోడలు, పైన రేకులు. ఆయన బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి గబగబా మంచం వాల్చాడు. కూర్చోబెట్టి మొదట అడిగింది పంపు బాగా తిరుగుతాందా అని.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. రెండుసార్లే కడిగానని, అబద్ధమాడానని చెప్పాను. ఆయన రేకుల వైపు చూశాడు.

"తెల్సు లేప్పా. నా నాలిక ఆ పొద్దే చెప్పింది. నువ్వు కడిగినా అంటివి. నాలికను ఇడిసిపెట్టి నిన్ను నమ్మితి."

కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. లోపలికి కేకేసి భార్యను నీళ్ళు తెమ్మన్నాడు. ఆమె చెంబు నా చేతికిచ్చింది.

"తాగప్పా" అన్నాడు అన్న. "మా బావి నీళ్ళు. తియ్యగా ఉంటాయి."

చెంబు ఎత్తాను. తాగకుండానే దించేశాను.