మా బాపును ఎవరు తన్నారు

మా బాపు రాజనర్సు ముప్పై రెండేళ్లుగా తాడిచెట్లు ఎక్కి కల్లు గీస్తున్నాడు. జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం పక్కన మా ఊళ్లో తనంత సన్నగా గెల కోసేవాడు లేడని ఆయనే చెబుతాడు. ఇంకెవరూ చెప్పగా నేను వినలేదు. చెట్టు మీది నుంచి మాత్రం ఒక్కసారి కూడా జారలేదు. అంతటి మనిషి కాలు పాడైంది కోరుట్లలో, పెళ్లి బరాత్‌లో, డీజే ముందు. ఎవరో ఈల వేశారని యాభై ఆరేళ్ల వయసులో ఎగిరి గంతేయబోయాడు. మడమ వెనక టప్పుమంది. గిరుక్కున వెనక్కి తిరిగి, దగ్గర్లో ఉన్న దేవేందర్ మామ చెంప ఛెళ్లుమనిపించాడు.

"ఎన్కనుంచి తంతవారా?"

దేవేందర్ మామ మా అమ్మ తమ్ముడు. ఆయనా కల్లు గీసేవాడే. "నేను తన్నలే బావా" అని పెళ్లివాళ్లందరి ముందు మొత్తుకున్నాడు. బాపు వింటేగా! వాడి పేరు ఇక ఇంట్లో ఎత్తొద్దని మా అమ్మ కొమురవ్వకు హుకుం జారీ చేశాడు.

రెండు రోజులు బెణుకనుకుని నూనె రాసుకున్నాడు. కల్లు కారే గెల కొసను పొద్దునా సాయంత్రం సన్నగా కోస్తూ ఉండాలి. నాలుగు రోజులు వదిలేస్తే ఎండిపోతుంది, ఈ ఏటికి ఆ చెట్టు కల్లు పోయినట్టే. బాపువి పద్నాలుగు చెట్లు. మిగతావాళ్లకు ఎవరి చెట్లు వాళ్లకున్నాయి. తన చెట్లతో పాటు మావీ ఎక్కమని అడగదగ్గది దేవేందర్ మామ ఒక్కణ్నే. "చెట్లు ఎండితె ఎండనీ, వాన్ని మాత్రం అడుగ" అన్నాడు బాపు. నాకు ఒళ్లు మండింది.

మూడో రోజు అమ్మా నేనూ ఆయన్ని జగిత్యాల తీసుకెళ్లాం. డాక్టర్ మధుకర్ బోర్లా పడుకోబెట్టి పిక్కలు పిసికాడు. మంచి కాలి పాదం కదిలింది, రెండోది కదల్లేదు. పిక్కను మడమకు కట్టి ఉంచే లావు నరం తెగిందన్నాడు. బారుగా కోయనక్కర్లేదు, నాలుగు చిన్న గాట్లలోంచే దారం పోనిచ్చి, తెగిన కొసలు దగ్గరికి లాగి ముడేస్తానన్నాడు.

"కనవడకుండ ముడి ఎట్లేస్తవు సారూ?"

"మాది సిరిసిల్ల. మా నాయన బట్ట నేసే సాంచాల మీద, కరెంటు పోయి చీకటైనా తెగిన పోగులు అతికేటోడు. నాకు స్కానింగ్ మిషిన్ గూడ ఉన్నది."

ఆ జవాబు బాపుకు నచ్చింది. డాక్టర్ మాటల్లో మాటగా అడిగాడు.

"తెగినప్పుడు ఎవలన్న తన్నినట్టు అనిపిచ్చిందా?"

"అనిపిచ్చుడేంది, తన్నిండు! మా బామ్మర్ది!"

డాక్టర్ నవ్వాడు. "గీ నరం తెగినోళ్లు శానమంది గిదే మాట అంటరు. ఎవలు తన్నరు. తెగినప్పుడు గట్లనే అనిపిస్తది."

బాపు మామను కొట్టిన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. నిజం చెప్పాలంటే నాకు సంతోషంగానే ఉంది.

ఆపరేషన్ గంటలో అయిపోయింది. మడమ వెనక చీమలు కుట్టినట్టు నాలుగు గాట్లు. కొన్ని నెలలు చెట్టు జోలికి పోవద్దన్నాడు డాక్టర్. చెట్లు ఈపాటికి ఎండిపోయి ఉంటాయని, ఇక ఏ మొహంతో బామ్మర్దిని పలకరించాలని బాపు మంచం మీద ఒకటే కుమిలిపోయాడు.

ఆరో రోజు కారులో ఇంటికి వస్తూ చెట్ల దగ్గర ఆపమన్నాడు. పద్నాలుగు చెట్లకూ కల్లు పట్టే లొట్లు వేలాడుతున్నాయి, ఒక్క గెలా ఎండలేదు. చివరి చెట్టు మీది నుంచి దేవేందర్ మామ దిగుతున్నాడు.

"వీడు ఎప్పటిసంది ఎక్కుతున్నడే?"

"బరాత్ తెల్లారినుంచి" అంది అమ్మ. "పేరు ఎత్తొద్దంటివి గదా, ఎత్తలే."

మామ కారు దగ్గరికి వచ్చాడు. "గెల గంత మందంగ కోస్తవారా?" అని మొదలుపెట్టిన బాపు మధ్యలో ఆగాడు.

"నన్నెవలు తన్నలేదట రా."

"నాకెర్కే గద బావా."

"మరి గంతమంది ముంగట కొట్టిచ్చుకొని, నా చెట్లు ఎట్లెక్కినవురా?"

"కొట్టింది నువ్వు. చెట్లేం జేసినయ్?"

బాపు కారు అద్దం పైకి ఎక్కించుకుని ఏడ్చాడు. అద్దంలోంచి అందరికీ కనిపిస్తూనే ఉంది.